గ్రీకు దీవిలో ఎండాకాలం: పొద్దున వండుకుని, చల్లారాక తినడం ఎలా

మనకి కంచంలో అన్నం పొగలు కక్కాలి, పప్పు మీద వేసిన నెయ్యి దానంతట అదే కరగాలి. జులై, ఆగస్టు నెలలు గ్రీకు దీవిలో గడపబోతుంటే ముందుగా పక్కన పెట్టాల్సిన అలవాటు ఇదే. అక్కడ ఎండాకాలపు ఇంటివంట చాలావరకు పొద్దున పదిన్నరకల్లా పొయ్యి దిగిపోతుంది. మధ్యాహ్నం రెండింటికో మూడింటికో గోరువెచ్చగా, ఒక్కోసారి పూర్తిగా చల్లారాక తింటారు. చద్దన్నం, పులిహోర తిని పెరిగిన నోటికి ఇది అలవాటు కావడానికి నాలుగు రోజులు చాలు.

నేను మూడు ఎండాకాలాలు నాక్సోస్ దీవిలో ఉన్నాను. రేవు పక్కన హోరా అనే ఊళ్లో, సందు లోపల ఒక పాత ఇంటి పైవాటా అద్దెకు తీసుకుని రోజూ వండుకు తిన్నాను. కింద వాటాలో ఉండే ఇంటావిడకి డెబ్బై దాటాయి. నేను ఆవిణ్ని కిరియా అని పిలిచేదాన్ని, అమ్మగారూ అన్నట్టు. ఆవిడ నన్ను కొరిత్సి మూ అనేది, నా పిల్లా అని. కింద రాసినదాంట్లో సగం ఆవిడ చేతిలో చూసి నేర్చుకున్నదే.

వండుకు తినే ఉద్దేశం ఉంటే దీవిని చూసి ఎంచుకోండి. సాంతోరీని, మికొనోస్ కళ్లకి బాగుంటాయి గానీ అక్కడ కూరగాయలు చాలావరకు ఓడ దిగి రావాల్సిందే. నాక్సోస్ సైక్లడీస్ దీవుల్లో అన్నిటికన్నా పెద్దది, సాగునేల ఉన్నది. ఇక్కడి బంగాళాదుంపకి గ్రీసు దేశమంతా పేరు. ఆవుపాలే ఎక్కువగా పోసి చేసే గ్రావియేరా చీజూ అంతే. ఏథెన్సు పక్కన పిరేయస్ రేవులో పెద్ద ఓడ ఎక్కితే దాదాపు ఐదు, ఐదున్నర గంటల్లో చేరతారు.

సర్దుకునేటప్పుడు

కందిపప్పు, చింతపండు, ఇంగువ, ఆవాలు, ఎండుమిర్చి, ఇష్టమైన కారప్పొడి తీసుకెళ్లండి. నెయ్యి, పాలకోవా వద్దు. యూరప్ బయటినుంచి వచ్చేవాళ్లు పాలతో, మాంసంతో చేసినవి సామాన్లో తేకూడదు, విమానాశ్రయంలో తీసేస్తారు. బాస్మతి బియ్యం సూపర్‌మార్కెట్లో దొరుకుతుంది. చిన్న కుక్కర్ తీసుకెళ్తే అది అన్ని రకాల పొయ్యిల మీదా పనిచేసేదై ఉండాలి, అక్కడ అద్దె ఇళ్లలో గ్యాసు తక్కువ. గట్టి బట్టల క్లిప్పులు రెండు డజన్లు మర్చిపోవద్దు. ఎందుకో గాలి సంగతి చెప్పేటప్పుడు తెలుస్తుంది.

ముందు ఇంటిని చల్లగా పెట్టుకోండి

మొదటి ఏడు నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. మాది బందరు. సముద్రపు గాలి వస్తుంటే కిటికీలు బార్లా తీసి ఉంచడమే నాకు తెలుసు. అలాగే పొద్దుటినుంచి సాయంత్రం దాకా తీసి పెట్టాను. నాలుగింటికి మంచం మీద చెయ్యి వేస్తే దుప్పటి ఇస్త్రీ పెట్టె కింద నుంచి తీసినట్టుంది. కిరియా పైకి వచ్చింది, గది మధ్యలో ఒక్క నిమిషం నిలబడింది, ఏమీ అనకుండా ఒక్కో కిటికీకీ చెక్క రెక్కలు మూసుకుంటూ వెళ్లింది. చివరి కిటికీ దగ్గర ఆగి, గోడ మీద అరచెయ్యి ఆనించి నన్నూ ఆనించమంది. గోడ చల్లగా ఉంది.

పాత ఇళ్ల గోడలు మందంగా ఉంటాయి, పైన తెల్లటి సున్నం, కిటికీలు చిన్నవి. రాత్రంతా లోపలికి వచ్చిన చల్లదనాన్ని పగలు పట్టి ఉంచడం ఆ గోడల పని. కాబట్టి రాత్రంతా అన్నీ తెరిచి ఉంచండి. ఎండ ముట్టకముందే తూర్పు వైపు మూయండి, తర్వాత దక్షిణం, మధ్యాహ్నానికి ముందే పడమర. సాయంత్రం ఎండ దిగిపోయాక మళ్లీ తెరవండి. ఏసీ ఉన్నా ఈ వరస తప్పొద్దు, కరెంటు బిల్లులో తేడా మీకే కనిపిస్తుంది.

నీళ్ల విషయంలో చెయ్యి బిగించండి. ఈ దీవుల్లో వేసవి వాన దాదాపు ఉండదు. 2024లో నాక్సోస్ జలాశయాలు అడుగంటి బంగాళాదుంప రైతులు నానా అవస్థ పడ్డారు. కూరలు కడిగిన నీళ్లు కుండీలకి పోయండి. తాగడానికి కుళాయి నీళ్లు పనికొస్తాయో లేదో ఇంటివాళ్లని అడగండి, చాలా దీవుల్లో సీసా నీళ్లే తాగుతారు. అరలీటరు సీసా వీధి కియోస్కులో అర యూరోకి మించి అమ్మకూడదని ప్రభుత్వ నియమం. ఇంకో మాట: మరుగుదొడ్డిలో కాగితం లోపల వేయొద్దు, పక్కనున్న బుట్టలోనే. గొట్టాలు సన్నవి, అడ్డుపడతాయి.

కూరల వేట

ఏడున్నరకల్లా సంచీ పట్టుకుని బయల్దేరండి. టమాటా, దోసకాయ, గుమ్మడి జాతి సన్న కాయలు, వంకాయలు, బెల్‌పెప్పర్లు, పీచెస్, అంజూర పళ్లు ఎలాగూ కనిపిస్తాయి. మైకు పెట్టుకుని పుచ్చకాయల బండి సందుల్లోకే వస్తుంది. "కార్పూజ్యా" అని వినిపిస్తే అదే.

మీరు వెతకాల్సింది ఆకుకూరల మూల. మొదటిసారి ఆ బుట్టలో గంగవాయిలు కూర కట్టలు చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. అదే ఎర్రకాడ, అదే దళసరి చిన్న ఆకు. గ్రీకులో గ్లిస్త్రీదా అంటారు. వాళ్లు పప్పులో వేయరు, పచ్చిగానే తుంచి టమాటా సలాడ్‌లోనో పెరుగులోనో కలుపుతారు, పులపుల్లగా కరకరమంటుంది. ఎవరైనా అదేపనిగా మాట్లాడుతుంటే "గ్లిస్త్రీదా తిన్నావా" అని అడుగుతారు, మనం "వస ఎక్కువ పోశారా" అన్నట్టే. దాని పక్కనే వ్లీతా ఉంటుంది, అది మన తోటకూర జాతే. ఈ రెండూ, కందిపప్పూ ఉంటే ఇంటి మీద బెంగ సగం తీరుతుంది. గంగవాయిలు పప్పు ఒకసారి చేసి కిరియాకి గిన్నెతో ఇచ్చాను. కారం ఎక్కువైందని నీళ్లు తాగుతూనే గిన్నె ఖాళీ చేసింది.

పొద్దున వంట

ఎనిమిదిన్నరకి పొయ్యి వెలిగించి పదిన్నరకి ఆపేయాలి. ఆలివ్ నూనెతో నిదానంగా ఉడికించే కూరల్ని లాదెరా అంటారు, నూనె కూరలని అర్థం. వీటిలో నూనె ధారాళంగా పోయాలి, అక్కడ జంకితే కూర పాడవుతుంది. నెయ్యి, వెన్న చల్లారితే పేరుకుంటాయి. ఆలివ్ నూనె చల్లారినా అలాగే ఉంటుంది కాబట్టే ఈ కూరలు వేడి తగ్గాక తినడానికి కుదురుతాయి.

బెండకాయతో మొదలుపెట్టండి. గ్రీకులో బామ్యెస్. మనం బెండకాయ జిగురు పోవడానికి గుడ్డతో తుడిచి, ఆరబెట్టి వేయిస్తాం. వాళ్ల పద్ధతి వేరు. అరకిలో చిన్న కాయలు తీసుకోండి. ముచ్చికని అడ్డంగా నరకొద్దు. చిన్న చాకుతో పెన్సిలు చెక్కినట్టు చుట్టూ చెక్కండి, కాయ లోపలి గది తెరుచుకోకూడదు. కిరియా ఈ పని రేడియో వింటూ, చేతివైపు చూడకుండా చేసేది. ఒక్కో కాయకి మూడు తిప్పులు, ఒళ్లో ఉన్న పేపరు మీద సన్నటి ఆకుపచ్చ చుట్టలు రాలుతుండేవి. చెక్కిన కాయల మీద ఉప్పు చల్లి, మూడు నాలుగు చెంచాల వెనిగర్ పోసి, చేత్తో పైకీ కిందకీ కలిపి, పళ్లెంలో పరిచి ఎండలో అరగంట నుంచి గంట పెట్టండి. తర్వాత కడిగి తుడవండి. వెడల్పాటి గిన్నెలో అరకప్పు ఆలివ్ నూనె పోసి ఉల్లిపాయలు మెత్తబడనివ్వండి. నాలుగు పండు టమాటాలు తురిమి వేసి, బెండకాయలు పరిచి, సన్నని సెగ మీద ముప్పావు గంట ఉంచండి. గరిటె పెట్టొద్దు, కాయలు చిదుగుతాయి. గిన్నెనే రెండు చేతులా పట్టుకుని ఊపాలి. దించాక గంటసేపు మూత తీయకండి.

ఇక ఎండాకాలపు అసలు వంట యెమిస్తా, అంటే నింపినవి. ఆరు పెద్ద టమాటాలు, నాలుగు బెల్‌పెప్పర్లు తీసుకోండి. పైన మూతలా కోసి పక్కన పెట్టండి, ఏ మూత ఏ కాయదో కలిసిపోకుండా వరసలో పెట్టుకోండి. టమాటా లోపలి గుజ్జు చెంచాతో తీసి సన్నగా తరగండి. ఖాళీ అయిన టమాటాల్లో చిటికెడు ఉప్పు, చిటికెడు చక్కెర వేయండి. రెండు ఉల్లిపాయలు నూనెలో మగ్గించి, కాయకి ఒక పెద్ద చెంచాడు చొప్పున, మొత్తం మీద ఇంకో రెండు చెంచాలు కలిపి పొట్టి గింజ బియ్యం వేసి రెండు నిమిషాలు తిప్పండి. గుజ్జులో సగం, పుదీనా, పార్‌స్లీ, మిరియాలు, ఉప్పు వేసి ఐదు నిమిషాల్లో దించేయండి, బియ్యం ఇంకా పలుకుగానే ఉండాలి. కాయల్లో ముప్పావు వంతే నింపండి. నిండా కూరితే బియ్యం ఉబ్బి మూతలు ఎగిరిపోతాయి. ట్రేలో కాయల మధ్య సందుల్లో బంగాళాదుంప ముక్కలు ఇరికించి, మిగిలిన గుజ్జు, ముప్పావు కప్పు నూనె, కప్పు నీళ్లు పోసి 180 డిగ్రీల ఓవెన్‌లో గంటన్నర ఉంచండి. పైన తొక్క అక్కడక్కడా నల్లబడాలి. ఓవెన్ వాడే రోజు ఏడింటికే మొదలుపెట్టండి, వంటగది కిటికీ ఒక్కటి తెరిచి, పడకగది తలుపు మూసేయండి.

వ్లీతా అయితే పావుగంట పని. ముదురు కాడలు తీసేసి, ముందు చెప్పిన గుమ్మడి జాతి సన్న కాయలు రెండింటితో కలిపి ఉప్పునీళ్లలో మెత్తగా ఉడికించి, వడకట్టి, నూనె, నిమ్మరసం పోసుకోవడమే.

మన పప్పుకి దగ్గరిది ఫావా. సాంతోరీనిలో పండే పసుపుపచ్చని బద్దలతో చేసినది బాగా ప్రసిద్ధి. ఒక కప్పు పప్పుకి మూడు కప్పుల నీళ్లు, ఒక ఉల్లిపాయ. తెట్టు తీసేస్తూ ముప్పావు గంట ఉడికిస్తే ముద్దవుతుంది. మెత్తగా మెదిపి నిమ్మరసం, నూనె కలపండి. వేడి మీద పల్చగా ఉందని దిగులుపడొద్దు, చల్లారితే గట్టిపడుతుంది. పైన పచ్చి ఉల్లి ముక్కలు పడాలి. నేను దానిమీద ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టాను. బాగా కుదిరింది, మీరూ పెట్టండి.

పల్లెటూరి సలాడ్ హొర్యాతికికి ఆకులేవీ పడవు. టమాటా, దోసకాయ, ఉల్లి, పచ్చ పెప్పర్, ఆలివ్‌లు, పైన తరగని ఫెతా చీజ్ పలక, ఎండిన ఒరేగానో, నూనె. టమాటాని ఫ్రిజ్‌లో పెట్టకండి, రుచి చచ్చిపోతుంది. అడుగున మిగిలే రసంలో రొట్టె ముక్క ముంచి తినడం మొహమాటపడాల్సిన పని కాదు, దానికి పాపారా అని పేరు కూడా ఉంది. ఇక ఏ పనీ చేయబుద్ధి కాని రోజు పుచ్చకాయ ముక్కలు, ఫెతా, రొట్టె ఉంటే భోజనం అయిపోయినట్టే.

ఒక్క జాగ్రత్త. చల్లారాక తినమన్నాను గానీ బయట వదిలేయమనలేదు. పొద్దున వండింది మధ్యాహ్నమే తినండి, మిగిలింది వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. వడగాలి రోజుల్లో, ముఖ్యంగా అన్నం పడిన యెమిస్తాని, ఆవిరి తగ్గగానే ఫ్రిజ్‌లోకి తోసి, తినడానికి అరగంట ముందు తీయండి.

మధ్యాహ్నం

పన్నెండు నుంచి ఐదు దాకా బయట పని పెట్టుకోకండి. సైక్లడీస్‌లో పాదరసం మామూలుగా 30 డిగ్రీలకి అటూ ఇటూ ఉంటుంది, మన కృష్ణా, గుంటూరు ఎండలు చూసినవాళ్లకి ఇదొక లెక్కా అనిపిస్తుంది. మోసపోయేది అక్కడే. గాలికి చెమట పట్టినట్టే తెలియదు, ఒంట్లో నీరు పోతూనే ఉంటుంది. 2024 జూన్‌లో వడగాలి రోజుల్లో వేర్వేరు దీవుల్లో ఎండన పడి నడకకి వెళ్లిన పలువురు పర్యాటకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కొండదారి నడవాలంటే తెల్లవారగానే వెళ్లి పదికల్లా తిరిగి రండి. ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో చెప్పండి. ఏ ఆపదకైనా 112కి ఫోన్ చేయాలి. అడవి మంటల హెచ్చరికలూ అదే పేరుతో ఫోన్‌కి వస్తాయి, పెద్ద మోతతో వస్తాయి, తీసి చదవండి.

తాగడానికి మజ్జిగ చేసుకోండి. గ్రీకు పెరుగు వడకట్టినది, చాలా చిక్కన. ఒక కప్పు పెరుగుకి మూడు కప్పుల నీళ్లు, ఉప్పు, నిమ్మకాయ, కొంచెం ఇంగువ. కాఫీ కావాలంటే ఫ్రాపే. 1957లో థెస్సలొనీకి వాణిజ్య ప్రదర్శనలో ఒక కాఫీ సంస్థ ఉద్యోగి వేడినీళ్లు దొరక్క ఇన్‌స్టంట్ పొడిని చల్లటి నీళ్లతో గిలక్కొట్టాడని, అలా అది పుట్టిందని చెబుతారు. మూతున్న సీసాలో రెండు చెంచాల పొడి, చక్కెర, రెండు మూడు చెంచాల నీళ్లు వేసి నురుగు నిలబడేదాకా ఊపి, ఐసు మీద పోసి, నీళ్లో పాలో కలపండి. కొట్లో అడిగేటప్పుడు చక్కెర లేకుండా అయితే స్కేతో, మధ్యస్థం అయితే మేత్రియో, తీపి అయితే గ్లికో.

మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర దాకా గ్రీసులో నిశ్శబ్దపు వేళ. ఇది మర్యాదే కాదు, చట్టం కూడా. వేసవిలో రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా ఇంకో విడత. ఆ సమయంలో మిక్సీ వేయొద్దు, కుక్కర్ పెట్టొద్దు. మన కుక్కర్ కూత ఆ సందులో ఎంత దూరం వెళ్తుందో నాకు బాగా తెలుసు.

గాలి

జులై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి వీచే గాలిని మెల్తేమి అంటారు. ఏటా వచ్చే గాలులని పేరుపెట్టి అరిస్టాటిల్ కాలంలోనే వీటి గురించి రాశారు. ఆకాశంలో మబ్బుతునక ఉండదు, గాలి మాత్రం మూడు నాలుగు రోజులు విడవకుండా వీస్తుంది. తీగ మీద బట్టకి ఒక్క క్లిప్పు పెడితే అది పక్కింటి మేడ మీద వెతుక్కోవాలి. మూడు పెట్టండి. తలుపులకి అడ్డంగా రాయి పెట్టండి.

ఈతకి పొద్దున ఎనిమిది నుంచి పదిన్నర మంచిది. ఉత్తరపు గాలి రోజు దక్షిణానికి తిరిగిన తీరం ప్రశాంతంగా కనిపిస్తుంది, కానీ అక్కడ గాలి ఒడ్డునుంచి సముద్రంలోకి తోస్తుంది. పిల్లల్ని గాలి నింపిన తెప్పల మీద వదలొద్దు, చూస్తుండగానే కొట్టుకుపోతాయి. రాళ్ల తీరాల్లో సముద్రపు ముళ్లకాయలుంటాయి, కాళ్లకి రబ్బరు చెప్పులు ఉండాలి. గాలి బలం బోఫోర్ట్ లెక్కలో ఎనిమిది తొమ్మిదికి చేరితే ఓడల్ని రేవులోనే ఆపేస్తారు, చిన్న వేగపు పడవలు ఇంకా ముందే ఆగుతాయి. తిరుగు విమానానికి ముందు ఏథెన్సులో ఒక రోజు ఉండేలా చూసుకోండి.

సాయంత్రం, బయట భోజనం

ఎండ దిగాక ఊరంతా మళ్లీ పుడుతుంది. స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని రేవు వెంట అటూ ఇటూ నడుస్తారు, దాన్ని వోల్తా అంటారు. నాక్సోస్‌లో ఆ నడక చివర పోర్తారా ఉంటుంది. పూర్తికాని అపోలో గుడికి మిగిలిన పాలరాతి ద్వారబంధం అది, క్రీస్తుపూర్వం ఆరో శతాబ్దం నాటిది. జులైలో సూర్యుడు ఎనిమిదిన్నర ప్రాంతంలో దిగుతాడు కాబట్టి రాత్రి భోజనం తొమ్మిదిన్నర, పది. ఏడింటికి వెళ్తే హోటల్లో మీరొక్కరే.

అన్నీ మధ్యలో పెట్టించుకుని అందరూ పంచుకోవాలి. శాకాహారులైతే "హొరీస్ క్రేయాస్, హొరీస్ ప్సారి" అనండి, మాంసం లేకుండా, చేప లేకుండా అని. యెమిస్తాలో కొన్నిచోట్ల ఖీమా వేస్తారు. మాంసం లేనివాటిని ఓర్ఫానా అంటారు, అంటే తల్లిదండ్రులు లేనివి. పేరు విని బాధపడకండి, అవే రుచి.

ఎవరింటికైనా వెళ్తే పళ్లెంలో ఒక చెంచాడు పాకం పండు, పక్కన గ్లాసు చల్లటి నీళ్లు పెడతారు. నాక్సోస్‌లో అది తరచూ కిత్రో, మన దబ్బకాయ జాతి పండు తొక్కతో చేసింది. దాని ఆకులతో కిత్రోన్ అనే మద్యం కూడా తీస్తారు, హల్కి గ్రామంలో 1896 నుంచి నడుస్తున్న బట్టీ చూడొచ్చు. పెట్టింది వద్దనకండి. పండు తిని, నీళ్లు తాగి, అప్పుడు మాట మొదలుపెట్టండి.

ఆగస్టు మొదటి పక్షం

శాకాహారులకి ఈ పద్నాలుగు రోజులు వరం. ఆగస్టు 15న మేరీమాత పండగ, ఈస్టర్ తర్వాత అంత పెద్దది. దానికి ముందు ఒకటో తేదీ నుంచి పద్నాలుగు దాకా ఉపవాసం పాటించేవాళ్లు మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. బేకరీలో, హోటల్లో "నిస్తీసిమో" అని అడగండి, ఉపవాసానికి పనికొచ్చేది చూపిస్తారు. ఆక్టోపస్, రొయ్యల్లాంటివి వాళ్ల లెక్కలో నిస్తీసిమోయే, అది గుర్తుపెట్టుకుని ఇంకోసారి అడగండి. ఆరో తేదీన గుళ్లో కొత్త ద్రాక్షపళ్లకి ఆశీర్వాదం చేయించి పంచుతారు.

పండగ రోజు పక్కనున్న తీనోస్ దీవిలో మొక్కున్నవాళ్లు రేవు నుంచి గుడిదాకా మోకాళ్ల మీద ఎక్కుతారు. నాక్సోస్‌లో అయితే ఫిలోతి గ్రామంలో ఆటపాటలు తెల్లవార్లూ సాగుతాయి. ఓడలన్నీ కిక్కిరిసి ఉంటాయి, టిక్కెట్టు వారాల ముందే తీసుకోండి. కొట్లు మూసేస్తారు. అందుకని పద్నాలుగో తేదీ పొద్దున్నే రొట్టె, కూరలు తెచ్చి యెమిస్తా పెద్ద ట్రే నిండా చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, రెండో రోజుకి రసం ఇంకి ఇంకా బాగుంటుంది. మూడు కాయలు పళ్లెంలో పెట్టి, పైన గుడ్డ కప్పి, కింద వాటాలో ఇచ్చి రండి. నా పళ్లెం ప్రతి ఏడూ ద్రాక్షపళ్లతో తిరిగొచ్చింది.